ముక్క పరీక్షలో యాంటీబాడీల సాక్ష్యం



రామచంద్రపురం నుంచో ద్రాక్షారామం నుంచో ఒక పెద్దాయన మెడ మీద గడ్డతో కాకినాడ వచ్చాడనుకుందాం. నొప్పి లేదు, జ్వరం లేదు. అదే తగ్గుతుందిలే అని కొన్నాళ్లు ఊరుకున్నారు. తగ్గకపోగా పెరిగేసరికి బయల్దేరారు. సర్జన్ గారు చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపారు. వారం తిరిగేసరికి కాగితం చేతికొచ్చింది. అందులో క్యాన్సర్ అని ఉంది, ఏ రకం క్యాన్సరో మాత్రం లేదు. చివరి వరుసలో ఒక సలహా ఉంది, ఐ.హెచ్.సి. చేయించండి అని. ఇలాంటి కాగితం పట్టుకుని పెథాలజిస్టునైన నా దగ్గరికి వచ్చే ఇంటివాళ్లు మొట్టమొదట అడిగేది ఒక్కటే. “మళ్లీ ముక్క కోస్తారాండీ?”

కొయ్యక్కర్లేదమ్మా అంటాను. మొదట తీసిన ముక్క ల్యాబులో మైనపు దిమ్మలో భద్రంగా ఉంటుంది. దాన్నే బ్లాకు అంటాం. ఆ బ్లాకులోంచే ఇంకో పలచని పొర కోసి, దాని మీద కొన్ని యాంటీబాడీలు వేసి చూస్తాం. ఐ.హెచ్.సి. అంటే అదే. రోగికి కొత్తగా కత్తిగాటు పడదు. అడగవలసినవన్నీ ఆ పాత ముక్కనే అడుగుతాం. అలా అడిగేవాటిలో చాలాసార్లు మొదటిది, గట్టిదీ కూడా, కణం లోపల ఉండే ఒక రకం సన్నటి పోగుల గురించి. వాటిని ఇంటర్మీడియట్ ఫిలమెంట్లు అంటారు, మధ్యస్థ తంతువులన్నమాట. ఈ పూట నేను చెప్పబోయేది ఆ తంతువుల గురించి, వాటిని యాంటీబాడీలతో చూడడం గురించి, ఆ పనిలో మన హైదరాబాదులో జరిగిన ఒక గొప్ప పరిశోధన గురించి.

మన ఒంట్లో ప్రతి కణానికీ లోపల ఒక కట్టడం ఉంది. కణపు అస్థిపంజరం అంటారు దాన్ని. అందులో ముఖ్యంగా మూడు రకాల పోగులు. ఆక్టిన్ పోగులు అన్నిటికన్నా సన్నం, సుమారు 7 నానోమీటర్లు. మైక్రోట్యూబ్యూల్స్ అన్నిటికన్నా లావు, 25 నానోమీటర్లు. వీటి నడుమ 10 నానోమీటర్ల మందంతో మూడో రకం పోగులున్నాయి. 1968లో ఇషికావా, బిషాఫ్, హోల్ట్‌జర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు కోడిపిండం కణాలను పెంచి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి వీటిని విడిగా పోల్చుకున్నారు. అప్పటినుంచే మధ్యస్థ తంతువులన్న పేరు స్థిరపడింది. ఎంత సన్నమో చెప్పాలంటే, ఇలాంటి పోగులు లక్ష పక్కపక్కన పేరిస్తే ఒక్క మిల్లీమీటరు వస్తుంది.

కొబ్బరి తాడు పేనడం చూసిన కోనసీమవాళ్లకి ఈ పోగు ఎలా తయారవుతుందో చెప్పడం తేలిక. ఒక ప్రోటీన్ గొలుసు ఇంకో గొలుసుతో మెలి తిరిగి జంట అవుతుంది. అలాంటి రెండు జంటలు ఎదురెదురు దిశల్లో, కాస్త ముందూ వెనకా జరిగి అతుక్కుంటాయి. ఈ నాలుగు గొలుసుల కట్టలు ఎనిమిది కలిస్తే ఒక తంతువు. అడ్డంగా కోసి చూడగలిగితే సుమారు 32 గొలుసులు కనిపిస్తాయి. తాడుకున్న గుణమే దీనికీ ఉంది. లాగితే సాగుతుంది, అంత తొందరగా తెగదు. చర్మం రాపిడికి ఓర్చుకోవడం, గుండె కండరం జీవితమంతా ముడుచుకుంటూ సాగుతూ నిలవడం వీటి బలం వల్లనే. చర్మం అడుగు పొరలో ఉండే కెరాటిన్ 5, కెరాటిన్ 14 అనే గొలుసుల్లో జన్యుదోషం ఉంటే, పుట్టిన బిడ్డని ఎత్తుకుంటే చాలు, పట్టుకున్నచోట బొబ్బలు లేస్తాయి. ఆ సంగతి 1991లో బయటపడింది. తాడు గురించి ఇంకొక్క మాట. పేనడం అయిపోయాక పైనున్న పాయలు చేతికి తగులుతాయి, లోపలి పాయలు తగలవు. దీన్ని కాస్త గుర్తుంచుకోండి, హైదరాబాదు కథలో అవసరం పడుతుంది.

ఆక్టిన్ ఒంట్లో ఎక్కడ చూసినా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. మధ్యస్థ తంతువులు అలా కాదు. వీటి కోసం మనిషిలో డెబ్బైకి దగ్గరగా జన్యువులున్నాయి, ఏ కణజాలానికి ఆ కణజాలం తనకు కావలసినవాటినే వాడుకుంటుంది. చర్మం, నోరు, పేగు, ఊపిరితిత్తుల గొట్టాలు, రొమ్ములోని పాల నాళాలు, ఇలా ఒంటికి లోపలా బయటా పొరగా పరుచుకున్న కణాలన్నిటిలో కెరాటిన్లు. జుట్టు, గోళ్లు కూడా కెరాటినే. పొరల కింద ఉండే బంధన కణజాలంలో, రక్తనాళాల గోడల్లో విమెంటిన్. కండరంలో డెస్మిన్. నరాల కణాల్లో న్యూరోఫిలమెంట్లు. మెదడులో నరకణాలను ఆనుకుని ఉండే ఆస్ట్రోసైట్లలో జి.ఎఫ్.ఎ.పి. అనే ప్రోటీన్, దాన్ని 1971లో లారెన్స్ ఎంగ్ బృందం గుర్తించింది. చివరగా లామిన్లు. ఇవి కణకేంద్రకం గోడకు లోపలి వైపున అల్లుకుని ఉంటాయి, ఇంచుమించు అన్ని కణాల్లోనూ ఉంటాయి. లామిన్లు కూడా ఈ కుటుంబానివేనని తేలింది 1986లో.

కణం క్యాన్సరుగా మారి, రూపురేఖలన్నీ చెరిగిపోయి, మైక్రోస్కోపులో వట్టి నీలిరంగు గుండ్రాలలాగా కనబడుతున్నా, తాను పుట్టిన కణజాలపు తంతువును చాలా వరకు వదులుకోదు. పొర కణం నుంచి పుట్టిన క్యాన్సర్ కెరాటిన్‌ను చేస్తూనే ఉంటుంది. కండరం వైపు తిరిగిన కణితి డెస్మిన్‌ను చేస్తుంది. మాకు పట్టుగొమ్మ ఇదే.

మరి ఏ తంతువు ఉందో తెలిసేదెలా? మామూలు రంగుల్లో అన్నీ గులాబీ రంగే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అన్నీ 10 నానోమీటర్ల పోగులే. ఇక్కడే యాంటీబాడీ కావాలి. ఒంట్లోకి పరాయి పదార్థం వస్తే దాన్ని పట్టుకోవడానికి రక్తంలో తయారయ్యే ప్రోటీన్ యాంటీబాడీ అని మనందరికీ తెలుసు. ఏ కుందేలుకో కోడి కండరంలోంచి తీసిన డెస్మిన్ సూదిమందుగా ఇస్తే, కొన్ని వారాలకి దాని రక్తంలో డెస్మిన్‌ను పట్టే యాంటీబాడీలు వస్తాయి. వాటికి వెలుగునిచ్చే రంగు అతికించి కణాల మీద వేస్తే, డెస్మిన్ ఉన్నచోటే వెలుగు కనిపిస్తుంది. యాంటీబాడీకి వెలిగే రంగు అతికించే ఉపాయం 1941లో ఆల్బర్ట్ కూన్స్‌ది. ఆయన వెతికింది సూక్ష్మక్రిములను. ఆ ఉపాయాన్ని కణపు అస్థిపంజరం వైపు తిప్పినవాళ్లు 1974లో ఎలియాస్ లాజరైడ్స్, క్లావుస్ వెబర్. వాళ్లు మొదట వెలిగించింది ఆక్టిన్ పోగులను.

మధ్యస్థ తంతువుల దగ్గరికి వచ్చేసరికి ఒక వింత జరిగింది. ఏ సూదిమందూ ఇవ్వని కొన్ని కుందేళ్ల రక్తంలోనే ఈ తంతువులను పట్టే యాంటీబాడీలు ముందునుంచే ఉన్నాయి. ఆ కుందేలు తన సొంత తంతువుల మీద తానే యాంటీబాడీలు చేసుకుందన్నమాట. అలాంటి ఒక కుందేలు సీరం వాడి గార్డన్, బుష్నెల్, బర్రిడ్జ్ 1978లో పరిశోధన పత్రం రాశారు. అదే ఏడాది జర్మనీలో ఫ్రాంకె, ష్మిడ్, మేరీ ఆస్బోర్న్, వెబర్ ఇంకో అడుగు ముందుకు వేశారు. కణాన్ని బట్టి ఈ తంతువులు వేర్వేరు రకాలని యాంటీబాడీల వెలుగులోనే విడదీసి చూపారు. విమెంటిన్‌కి ఆ పేరు పెట్టింది ఆ సంవత్సరంలోనే.

కుందేలు సీరంతో చిక్కు ఏమిటంటే, అందులో ఒకటి కాదు, రకరకాల యాంటీబాడీల కలగలుపు ఉంటుంది. ఈ కుందేలుది ఆ కుందేలుదిలా ఉండదు. అది చచ్చిపోతే ఆ సీరం మళ్లీ దొరకదు. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ ఒక ఎలుక ప్లీహంలోంచి యాంటీబాడీ చేసే కణాన్ని తీసుకుని, చావు లేకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపేశారు. అలా వచ్చిన జంటకణం ఒకే ఒక్క రకం యాంటీబాడీని ఎప్పటికీ చేస్తూనే ఉంటుంది. మోనోక్లోనల్ యాంటీబాడీ అంటే ఇదే. 1984లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇది దొరికాక ప్రోటీన్ మొత్తాన్ని కాకుండా, ప్రోటీన్‌లో ఫలానా చోట ఉన్న కాస్త ముక్కను పట్టే యాంటీబాడీని ఎంచుకోవడం కుదిరింది. 1981లో రెబెకా ప్రస్, ఆమె సహచరులు చేసిన ఒక మోనోక్లోనల్ యాంటీబాడీ అన్ని రకాల మధ్యస్థ తంతువులనూ పట్టింది. అన్నిటిలోనూ చెక్కుచెదరకుండా మిగిలిన ఒక చిన్న భాగం ఉంది, అది దాన్ని పట్టుకుంది. ఇంకో యాంటీబాడీ ఒక్క కెరాటిన్ 20నే పడుతుంది, పక్కనున్న మిగతా కెరాటిన్లను ముట్టుకోదు. ఏది ఏ ముక్కను పడుతుందన్నదే ఇక్కడ అసలు సంగతి.

ఈ దశలో పరిశోధనశాల విద్య ఆసుపత్రిలోకి వచ్చింది. 1982లో మోల్, ఫ్రాంకె బృందం మనిషి కెరాటిన్లను ఒకటి నుంచి పందొమ్మిది దాకా అంకెలు వేసి పట్టిక ఇచ్చింది. మరుసటి ఏడాదే ఆస్బోర్న్, వెబర్ కణితులను వాటి మధ్యస్థ తంతువులను బట్టి గుర్తించవచ్చని పెథాలజిస్టులకు చెప్పారు. వాళ్లిద్దరూ వైద్యులకోసం రాసిన ఆ వ్యాసం మా విద్యలో ఒక మలుపు అని నేను నమ్ముతాను. అంతకుముందు పెథాలజిస్టు ఆకారం చూసి, అనుభవంతో అంచనా కట్టేవాడు. ఆ తర్వాత అంచనాకు సాక్ష్యం దొరికింది.

ఆ సాక్ష్యం ఎలా తీస్తామో చెబుతాను. మైనపు బ్లాకును మైక్రోటోమ్ అనే కోత యంత్రానికి బిగించి మూడు నాలుగు మైక్రాన్ల మందంతో పొరలు కోస్తాం. ఒకదాని అంచు ఒకదానికి అతుక్కుని రిబ్బనులాగా వస్తాయి. గోరువెచ్చటి నీళ్ల మీద వదిలితే ముడతలు పోయి తేలతాయి, కింద నుంచి గాజు స్లైడు పెట్టి మెల్లగా పైకి తీసుకుంటాం. మైనం కరిగించేశాక ఒక అడ్డంకి ఎదురవుతుంది. ముక్క కుళ్లకుండా మొదట ఫార్మలిన్‌లో వేశాం కదా, ఆ ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి బిగించేస్తుంది. యాంటీబాడీ పట్టవలసిన చోటు మూసుకుపోతుంది. 1991లో షి, కీ, కల్రా దీనికి విరుగుడు చూపారు. స్లైడును ద్రావణంలో పెట్టి మైక్రోవేవ్‌లో బాగా కాచితే ఆ చోట్లు మళ్లీ తెరుచుకుంటాయి. చాలా ల్యాబుల్లో ఇప్పుడు ఈ పని ప్రెషర్ కుక్కరే చేస్తుంది, ఇంట్లో పప్పు ఉడికించే కుక్కరే. చల్లారాక మొదటి యాంటీబాడీ, దాని మీద పెరాక్సిడేజ్ ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీ, ఆపైన డి.ఎ.బి. అనే రసాయనం. యాంటీబాడీ నిలిచినచోట గోధుమరంగు తేలుతుంది. మిగతాదంతా హెమటాక్సిలిన్ నీలం. కెరాటిన్ యాంటీబాడీ వేసిన స్లైడులో నీలి కేంద్రకం చుట్టూ కణమంతా గోధుమరంగు పోగులు పరుచుకుని కనిపిస్తే, ఎంత అలిసిపోయిన కన్నయినా పోల్చుకుంటుంది.

ఇందాకటి మెడ గడ్డ సంగతి చూద్దాం. దానికి రెండు మూడు యాంటీబాడీలు వేస్తాం. కెరాటిన్ పట్టి, తెల్ల రక్తకణాల గుర్తయిన ఎల్.సి.ఎ. పట్టకపోతే, అది చాలావరకు గొంతులోనో ముక్కు వెనకనో నోటిలోనో పుట్టి మెడకు పాకిన కార్సినోమా, అంటే పొర కణాల క్యాన్సర్. అప్పుడు మూలం వెతకాలి, రేడియేషనో ఆపరేషనో ఆలోచించాలి. అదే తారుమారైతే లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల క్యాన్సర్. దానికి కత్తితో పనిలేదు, చాలావరకు మందులతోనే వైద్యం, బాగా నయమయ్యే రకాలు కూడా వాటిలో ఉన్నాయి. ఒకే గడ్డ, ఒకే నీలి గుండ్రాలు, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. పసిపిల్లల్లో వచ్చే గుండ్రకణాల కణితుల్లో డెస్మిన్ కనబడితే కండరం వైపు వెళ్లే రాబ్డోమయోసార్కోమా అన్న అనుమానం బలపడుతుంది. కాలేయంలో మచ్చలు కనబడి, అవి ఎక్కడినుంచి వచ్చాయో తెలియనప్పుడు కెరాటిన్ 7, కెరాటిన్ 20 జంట దారి చూపుతుంది. 20 ఉండి 7 లేకపోతే పెద్ద పేగు వైపు, 7 ఉండి 20 లేకపోతే ఊపిరితిత్తి, రొమ్ము వైపు చూస్తాం.

అన్నిటికీ యాంటీబాడీ అక్కర్లేదు కూడా. మన కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటుంది. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చడం. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని 1957లోనే మన వైద్యులు రెడ్డి, రావు వైద్య పత్రికలో రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా బృందం 10,169 మంది పల్లె ప్రజల నోళ్లు పరీక్షించి అంగిలి మీది మచ్చల తీరు నమోదు చేసింది. ఆ వేడికి అంగిలి తట్టుకోలేక కెరాటిన్‌ను మందంగా పేర్చుకుంటుంది, తెల్లగా కనిపించేది అదే. అది క్యాన్సరుగా మారాక కూడా చాలా ముక్కల్లో కెరాటిన్ గులాబీరంగు ముత్యాల్లాగా చుట్టలు చుట్టుకుని మామూలు రంగుల్లోనే కనిపిస్తుంది. అక్కడ యాంటీబాడీ ఖర్చు పెట్టించడం నాకు ఇష్టం ఉండదు. ఆ ముత్యాలు కూడా కనబడనంతగా కణం మారిపోయినప్పుడే దాని అవసరం.

ఇక హైదరాబాదు. హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది. సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ కేంద్రం. పుష్పమిత్ర భార్గవ గారి పూనికతో 1977లో మొదలైంది. అక్కడ వీణా పర్నాయక్ గారు చాలా ఏళ్లు లామిన్ల మీద పని చేశారు. కేంద్రకం గోడను ఆనుకుని ఉండే ఆ తంతువులే. లామిన్ ఎ అంటే కేంద్రకం అంచున వలయంలాగా ఉంటుందన్నది అప్పటికి పుస్తకాల్లో ఉన్న మాట. ఏ మామూలు యాంటీబాడీ వేసినా అంచు వెలిగేది.

ఆవిడ బృందం ఎలుక లామిన్ ఎ మీద మోనోక్లోనల్ యాంటీబాడీలు చేసింది. వాటిలో ఒకటి ఎల్.ఎ.-2బి3. దాన్ని వేస్తే అనుకున్నట్టే కేంద్రకం అంచు వెలిగింది. ఇంకోటి ఎల్.ఎ.-2హెచ్10. దాన్ని వేస్తే అంచు వెలగలేదు. కేంద్రకం లోపల చుక్కలు చుక్కలుగా వెలిగింది. ఒకే ప్రోటీన్ మీద పుట్టిన రెండు యాంటీబాడీలు, చూపిన బొమ్మలు రెండు.

ఇలాంటప్పుడు చాలామంది రెండోదాన్ని పారేస్తారు. యాంటీబాడీ చెడ్డది, ఇంకేదో ప్రోటీన్‌ను పొరపాటున పట్టుకుంటోంది అనుకోవడం సులువు. వాళ్లు పారేయలేదు. ఆ చుక్కలు ఎక్కడున్నాయో చూశారు. ఆర్.ఎన్.ఎ.ను కత్తిరించి అతికే స్ప్లైసింగ్ ప్రోటీన్లు కేంద్రకంలో చుక్కలుగా గుమిగూడతాయి, ఈ లామిన్ చుక్కలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. కణం విభజన చెందేటప్పుడు చెదిరిపోయి, విభజన ముగింపు దశలో మళ్లీ ఏర్పడుతున్నాయి. తర్వాత చేసిన పరీక్ష నాకు అన్నిటికన్నా నచ్చింది. చుట్టూ ఉన్న డి.ఎన్.ఎ., ఇతర ప్రోటీన్లు అడ్డుపడి అంచున ఈ యాంటీబాడీని తగలనివ్వడం లేదేమో అని, కేంద్రకాన్ని డిటర్జెంటుతో, ఎంజైములతో, ఉప్పునీళ్లతో కడిగి అవన్నీ తీసేశారు. అప్పటికీ తేడా అలాగే ఉంది. ఆ తర్వాత లామిన్‌ను ముక్కలు ముక్కలుగా చేసి, 2హెచ్10 పట్టే చోటు ఏదో వెతికారు. ఆరువందల పైచిలుకు అమైనో ఆమ్లాల ఆ గొలుసులో 171కీ 246కీ మధ్య దొరికింది. గొలుసులు ఒకదాన్నొకటి మెలివేసుకునే నడుమ భాగంలోనే ఉందది. 1999లో జగతీశన్ మొదటి రచయితగా జర్నల్ ఆఫ్ సెల్ సైన్స్‌లో ఆ పత్రం వచ్చింది.

తాడు లోపలి పాయ చేతికి తగలదని ఇందాక అనుకున్నాం కదా. అంచున లామిన్ గట్టిగా అల్లుకుని ఉన్నప్పుడు 2హెచ్10 పట్టే ముక్క లోపల దాక్కుని ఉండాలి. లోపలి చుక్కల్లో లామిన్ అల్లిక వేరుగా ఉండి ఆ ముక్క బయటపడి ఉండాలి. ఆ ఫలితాలను నేను అర్థం చేసుకునేది ఇలాగే. అంటే ఆ యాంటీబాడీ లామిన్ ఎక్కడుందో చెప్పడంతో ఆగలేదు, లామిన్ ఎక్కడ ఏ తీరుగా కట్టుకుని ఉందో కూడా చెప్పింది.

తర్వాతి పత్రాలు ఆ చుక్కల వెనకే నడిచాయి. 2001లో పర్నాయక్ గారు మురళీకృష్ణ, జ్యోత్స్నా ధవన్, రంగరాజ్‌లతో కలిసి కండరకణాలు ముదిరే తీరు చూశారు. విభజన చెందుతున్న లేత కణాల్లో చుక్కలున్నాయి. కణం విభజన మానేసి కండరపు పోగుగా మారే దారిలో పడగానే చుక్కలు పోయి, లామిన్ కేంద్రకమంతా పలచగా పరుచుకుంది. 2002లో కుమరన్, మురళీకృష్ణలతో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో ఇంకోటి. జన్యువుల నుంచి ఆర్.ఎన్.ఎ. తయారీని మందుతో ఆపితే లామిన్ చుక్కలూ, స్ప్లైసింగ్ చుక్కలూ రెండూ ఉబ్బాయి. ఆ మందు తీసేస్తే రెండూ కలిసి మామూలు పరిమాణానికి వచ్చాయి. మార్చిన లామిన్‌ను కణంలో ప్రవేశపెట్టి చుక్కలు లేకుండా చేస్తే, అంచు వలయం చెక్కుచెదరలేదు గానీ ఆర్.ఎన్.ఎ. తయారీ తగ్గిపోయింది. అంటే ఆ చుక్కలకి కేంద్రకంలో పని ఉంది. రెండో యాంటీబాడీని ఫ్రిజ్‌లో మూలన పడేసి ఉంటే ఇదంతా తెలిసేది కాదు.

ఈ పని వట్టి కుతూహలం కోసం జరిగింది కాదని చెప్పాలి. లామిన్ ఎ జన్యువులో దోషం ఒక రకం కండర క్షీణతకు కారణమని 1999లో తేలింది. పదేళ్లు నిండకముందే ముసలితనం ముంచుకొచ్చే ప్రొజీరియాకు కూడా ఆ జన్యువే కారణమని 2003లో బయటపడింది. 2006లో పర్నాయక్ బృందం, జబ్బుకు కారణమయ్యే లామిన్ మార్పుల్లో కొన్ని డి.ఎన్.ఎ. మరమ్మతు కేంద్రాలను సరిగ్గా ఏర్పడనివ్వడం లేదని చూపింది.

ఇప్పుడు మళ్లీ మా ల్యాబు బల్ల దగ్గరికి వస్తాను. హబ్సిగూడలో తేలింది మాకు రోజూ అవసరపడే సంగతి. స్లైడు మీద రంగు రాలేదంటే ప్రోటీన్ లేదని అర్థం కాదు. ఆ యాంటీబాడీకి అందే తీరులో లేదని మాత్రమే అర్థం. ప్రోటీన్ నిజంగానే లేకపోవచ్చు, అల్లికలో దాగి ఉండవచ్చు, ఫార్మలిన్ మూసేసి ఉండవచ్చు, ముక్క కుళ్లి ప్రోటీన్ పాడైపోయి ఉండవచ్చు. వీటిలో ఏదో తేల్చకుండా కెరాటిన్ నెగటివ్ అని రాస్తే ఆ మాట రోగిని తప్పు వైద్యానికి పంపుతుంది.

తేల్చుకోవడానికి మాకొక మంచి సాక్షి ఉంది. అది విమెంటిన్. ఏ ముక్కలోనైనా రక్తనాళాలుంటాయి, వాటి గోడల్లో విమెంటిన్ ఉంటుంది. స్లైడులో ఆ రక్తనాళాలైనా గోధుమరంగులోకి రాకపోతే ముక్కే పాడైందని తెలుస్తుంది. అప్పుడు మిగతా యాంటీబాడీల నెగటివ్‌లను నమ్మకూడదు. ఇలా ముక్కలోనే ఉన్నదాన్ని కొలమానంగా వాడడం అందరూ పాటించే పద్ధతి కావాలని నా పట్టుదల. దాంతోపాటు, రంగు వస్తుందని తెలిసిన ఇంకో ముక్కను ప్రతి విడతలోనూ పక్కన పెట్టి చూసుకోవాలి.

పాజిటివ్ వచ్చినా తొందరపడకూడదు. మూత్రపిండపు క్యాన్సర్ కెరాటిన్‌తో పాటు విమెంటిన్ కూడా చేస్తుంది. సైనోవియల్ సార్కోమా, ఎపితీలియాయిడ్ సార్కోమా పొర కణాలవి కాకపోయినా కెరాటిన్ చూపిస్తాయి. అందుకే ఒక్క యాంటీబాడీతో తీర్పు చెప్పం. కొన్నిటిని కలిపి వేసి, మామూలు స్లైడులో కణం ఆకారం చూసి, రోగి వయసు, గడ్డ చోటు, స్కాను అన్నీ కలిపి చదువుతాం. డాక్టరు గారు ముక్కతో పంపే చీటీలో ఈ వివరాలు రాయకపోతే మా పని సగం చీకట్లో చేసినట్టే.

ముక్క పాడయ్యేది ఎక్కువగా మొదటి గంటల్లోనే. మన వేసవి ఎండకి, కోస్తా ఉక్కకి తీసిన ముక్క త్వరగా కుళ్లుతుంది. సెలైన్‌లో వేసి పంపితే ల్యాబుకు చేరేసరికి కణాలు కరిగిపోయి ఉంటాయి. ముక్కను తీసిన వెంటనే పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. ఫార్మలిన్ ముక్కకు కనీసం పది రెట్లు ఉండాలి. వెడల్పు మూతి సీసా అయితే మంచిది, ఇరుకు మూతిలో కుక్కి పెట్టిన ముక్క గట్టిపడ్డాక బయటికి రాదు. ఆరు గంటలకు తక్కువ కాకుండా, మూడు రోజులకు మించకుండా ఫార్మలిన్‌లో ఉంటే యాంటీబాడీలు బాగా పనిచేస్తాయి. చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో ఉన్న నర్సమ్మలు, థియేటరు సిబ్బంది ఈ మాటలు వింటుంటే వాళ్లను ప్రత్యేకంగా కోరుతున్నాను. ఆ సీసాలో మీరు పోసే ఫార్మలిన్ మీదే మా గోధుమరంగు ఆధారపడి ఉంటుంది.

ఇంటివాళ్లకు కొన్ని మాటలు. పెద్ద ఆసుపత్రికి వెళ్లమన్నప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తారు చాలామంది. బ్లాకు, స్లైడ్లు కూడా అడిగి తీసుకోండి. సంతకం పెట్టించుకుని ఇస్తారు. అవి మీ చేతిలో ఉంటే మళ్లీ ముక్క తీసే అవసరం చాలావరకు తప్పుతుంది. బ్లాకు చెడకుండా ఏళ్ల తరబడి ఉంటుంది, రేపు కొత్త యాంటీబాడీ వస్తే దాన్నీ దాని మీద వేసి చూడవచ్చు. స్లైడ్లు గాజువి, ఒకదానికొకటి తగలకుండా కాగితం చుట్టండి. బ్లాకు మాత్రం మైనం. సుమారు అరవై డిగ్రీల వేడికి కరుగుతుంది. మే నెల ఎండలో నిలిపిన బండి డిక్కీలోనో, కారు అద్దం కిందో పెట్టకండి. చేతిసంచిలో, నీడన, మీతోనే ఉంచుకోండి.